మా ఇంటి తీగ తిప్పతీగేనా? పెంచడం, వాడటం గురించి పెద్దల సలహా కావాలి

వడ్డేపల్లి పెరడు (హన్మకొండ), జూన్ 9

అందరికీ నమస్కారం. మా ఇల్లు వడ్డేపల్లి చెరువుకు దగ్గర్లో ఉంది. ఇంటి వెనక చిన్న పెరట్లో ఒక వేపచెట్టు, ఒక బత్తాయి చెట్టు, కరివేపాకు, కుండీల్లో తులసి, వాము ఆకు పెంచుకుంటున్నాం. కరోనా రోజుల్లో అందరూ తిప్పతీగ కషాయం తాగుతుంటే మా అత్తయ్య కూడా మొదలుపెట్టారు. అప్పట్లో బజారులో దొరికే పొడి వాడేవారు. పెరట్లోనే తీగ ఉంటే కల్తీ భయం ఉండదన్న ఆలోచనతో రెండేళ్ళ కింద ఒక నర్సరీలో మొక్క కొని తెచ్చి వేప మొదట్లో నాటాను. ఇప్పుడది మొదటి కొమ్మ దాటి పైకి పాకింది. అత్తయ్య రోజూ పరగడుపున జానెడు కాడ దంచి, రెండు గ్లాసుల నీళ్ళు ఒక గ్లాసు అయ్యేదాకా మరిగించి తాగుతున్నారు.

నాకు రెండు సందేహాలున్నాయి. మొన్నామధ్య పరకాల నుంచి వచ్చిన మా ఆడపడుచు, వాళ్ళ ఊళ్ళో దడుల మీద పాకే తిప్పతీగ కాడ ఇలా ఉండదని, మా తీగ కాడంతా మొటిమలు లేచినట్టు బుడిపెలున్నాయని అన్నది. నేను ఇన్నాళ్ళూ ముదిరిన తీగ అలాగే ఉంటుందనుకున్నాను. రెండో సంగతి ఏమిటంటే, ఆమె తెచ్చిన మూడు ముక్కలను కుండీలో నాటితే పది రోజుల్లో మూడూ కుళ్ళిపోయాయి. నరికి పారేసినా బతికే తీగ అంటారు కదా, మరి మా చేతిలో ఎందుకు నిలవలేదు? అత్తయ్యకు డెబ్బై ఏళ్ళు, పదేళ్ళుగా షుగర్ మాత్రలు వాడుతున్నారు.

చెల్కనేల (నర్సంపేట), జూన్ 9

అక్కగారూ, ముక్కలు కుళ్ళిన సంగతి నేను చెప్పగలను, ఎందుకంటే మొదటిసారి నా ముక్కలూ అలాగే పోయాయి. కోసిన వెంటనే పచ్చి గాయంతో తడిమట్టిలో గుచ్చి, ఎండలు మండుతున్నాయని పొద్దున, సాయంత్రం నీళ్ళు పోసి ఉంటారు. తిప్పతీగ కాడ నిండా నీరు, పిండి ఉంటాయి. దానికి కావలసింది తక్కువ తడి, ఎక్కువ గాలి.

బొటనవేలు మందం ఉన్న కాడను రెండు మూడు కణుపులు వచ్చేలా 15 నుంచి 20 సెంటీమీటర్ల ముక్కలుగా కోయండి. కోసిన చోటు ఎండి పొరకట్టేదాకా ఒక పూట నీడలో ఉంచి, మర్నాటికల్లా నాటేయండి. ఏ చివర కింద, ఏ చివర పైన అన్నది మరిచిపోకుండా పైకొనను ఏటవాలుగా, కిందికొనను చదునుగా కోయడం నాకు అలవాటు, ఎందుకంటే తలకిందులుగా నాటిన ముక్క లేచి రావడం కష్టం. ఎర్రమన్ను, దొడ్డు ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు సమపాళ్ళలో కలిపి, ఒక కణుపు మట్టిలోకి, మిగతావి బయటికి ఉండేలా పాతండి. వేలు గుచ్చి చూసినప్పుడు మట్టి పొడిగా తగిలితేనే నీళ్ళు పోయాలి. మృగశిర కార్తె ప్రవేశించింది కాబట్టి కాలం అనుకూలంగానే ఉంది. మే ఎండల్లో పెట్టినవాటి కంటే ఇప్పుడు పెట్టినవి బాగా అందుకుంటాయి. మూడు నాలుగు వారాల్లో కణుపు దగ్గర ఆకుపచ్చని మొన కనిపిస్తుంది.

బుడిపెల విషయం మాత్రం తెలిసినవాళ్ళు చెప్పేదాకా ఆ కషాయం ఆపించమని నా మనవి.

మందాకు (వరంగల్), జూన్ 10

అమ్మా, నేను ఆయుర్వేద వైద్యం చదివి ఇక్కడే ప్రాక్టీసు చేస్తున్నాను. చెల్కనేల గారి ఆఖరి మాటను నేను మరింత గట్టిగా చెబుతాను. ఈ రోజు నుంచే ఆ తీగను వాడటం ఆపండి.

మనం మందుగా వాడే తిప్పతీగ శాస్త్రీయ నామం టినోస్పోరా కార్డిఫోలియా. దీనికి దగ్గరి బంధువైన టినోస్పోరా క్రిస్పా అనే మరో తీగ ఉంది. ఆకు రెండింటికీ హృదయాకారంలోనే ఉంటుంది కాబట్టి నర్సరీల్లో ఒకదాని పేరుతో మరొకటి చేతికి రావడం వింతేమీ కాదు. ఈ గందరగోళం వల్లనే ఆయుష్ మంత్రిత్వ శాఖ 2022లో రెండింటి తేడాలు చెబుతూ ప్రకటన ఇచ్చింది. తిప్పతీగ కాడ ఆకుపచ్చగా ఉంటుంది, బుడిపెలు ఉండవు, తుంచితే పాలలాంటి ద్రవం కారదు. పువ్వుకు ఆరు రేకులు ఉంటాయి, కాయలు గుండ్రంగా ఉండి పండితే ఎర్రబడతాయి. క్రిస్పా కాడ బూడిదరంగులో, ఒళ్ళంతా బుడిపెలతో ఉంటుంది, తుంచితే పాలలాంటి స్రావం వస్తుంది, పువ్వుకు మూడే రేకులు, కాయ కోలగా ఉండి నారింజరంగుకు తిరుగుతుంది.

ఇక్కడ ఒక్క జాగ్రత్త ఉంది. ముదిరిన తిప్పతీగ కాడ మీద కూడా బూడిదరంగు పలుచని పొర, దాని మీద చిన్న చిన్న చుక్కలు ఉంటాయి. వాటిని చూసి బుడిపెలనుకుని మంచి తీగను పీకేసినవాళ్ళున్నారు. తేడా తెలియాలంటే బొటనవేలి గోరుతో గీకి చూడండి. తిప్పతీగ అయితే ఆ పొర సిగరెట్ కాగితంలా లేచి వచ్చి, కింద నిగనిగలాడే పచ్చదనం కనిపిస్తుంది. క్రిస్పా బుడిపె గోటికి గట్టిగా తగులుతుంది. మన పాతవాళ్ళు ఈ తీగకు పెట్టిన సంస్కృత నామాల్లోనే సగం గుర్తింపు ఉంది. అడ్డంగా కోస్తే బండిచక్రం ఆకుల్లా గీతలు కనిపిస్తాయి కాబట్టి చక్రలక్షణ, నరికినా మొలుస్తుంది కాబట్టి ఛిన్నరుహ అన్నారు. అయితే చక్రం గుర్తు రెండు తీగల్లోనూ కనిపిస్తుంది కాబట్టి దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

మీ అత్తయ్యగారి షుగర్ మాత్ర పేరేమిటి? మధ్యాహ్నం లోపల ఎప్పుడైనా చెమటలు పట్టడం, చేతులు వణకడం వంటివి ఉన్నాయా? ఈ రెండు తీగలూ రక్తంలో చక్కెరను తగ్గించే గుణం ఉన్నవే. మాత్రతో పాటు కషాయం కూడా పనిచేస్తే చక్కెర ఉండవలసిన దానికంటే కిందికి దిగుతుంది.

ఏటూరు దారి (ములుగు), జూన్ 10

డాక్టర్ గారికి నమస్కారం. గుర్తింపు సంగతి మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. అయితే వాడకం గురించి ఇంత భయం అవసరమా అన్నది నా సందేహం. మా నాయనమ్మ జ్వరం వచ్చిన ప్రతివాళ్ళకూ తిప్పతీగే ఇచ్చేది. అడవి అంచున ఉన్న మా ఊళ్ళో అది లేని దడి లేదు. తరతరాలుగా వాడినదాన్ని ఇప్పుడు ఇలా అనుమానించడం నాకు బాధగా ఉంది.

నాయనమ్మ కూడా కొన్ని కట్టుబాట్లు పాటించేది. విషపు గింజలుండే ముష్టిచెట్టు మీద పాకిన తీగను అస్సలు కోయనిచ్చేది కాదు. వేప మీదిది దొరికితే ఎంత దూరమైనా నడిచి వెళ్ళి తెచ్చేది. పత్తిచేను గట్టు మీది తీగ జోలికి పోవద్దని మాత్రం నేను చెబుతున్నాను, ఎందుకంటే మన వైపు పత్తికి, మిరపకు కొట్టే మందులు గట్టు మీది ఆకును కూడా తడుపుతాయి.

మానేరు ఒడ్డు (కరీంనగర్), జూన్ 11

ఏటూరు దారి అన్నగారూ, మీ బాధను నేను కాదనను. మా ఇంట్లో జరిగింది మాత్రం చెప్పాలి. 2020 లాక్‌డౌన్ అప్పుడు మా తమ్ముడు బజారులో కొన్న తిప్పతీగ పొడిని పొద్దున ఒక చెంచా, రాత్రి ఒక చెంచా చొప్పున దాదాపు మూడు నెలలు వాడాడు. మొదట అన్నం సయించలేదు. తర్వాత మూత్రం చాయ్ రంగులోకి తిరిగింది. ఒకరోజు మా అమ్మ వాడి కళ్ళలోకి చూసి, పసుపు రాసినట్టున్నాయని ఏడ్చింది. కామెర్లకు కారణం ఏ వైరస్ పరీక్షలోనూ దొరకలేదు. డాక్టరు గారు మందుల చిట్టా అడిగినప్పుడు మేము పొడి సంగతి చెప్పనేలేదు, ఎందుకంటే అది మాకు మందుగా తోచలేదు. రెండోసారి గుచ్చి గుచ్చి అడిగాక చెప్పాం. పొడి ఆపాక రెండు నెలలకు పూర్తిగా కోలుకున్నాడు. ఆ పొడిలో ఉన్నది ఏ తీగో మాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత నేను దీని గురించి వెతికి చదివాను. ముంబై వైద్యులు 2021లో ఇటువంటి ఆరుగురి వివరాలను ప్రచురించారు. 2022లో దేశంలోని 13 ఆసుపత్రుల నుంచి 43 మంది వివరాలతో మరో అధ్యయనం వచ్చింది. చాలామందిలో, శరీరపు రక్షణ వ్యవస్థే కాలేయం మీదికి తిరిగినప్పుడు కనిపించే లక్షణాలున్నాయి. ముంబై అధ్యయనంలో మొక్క గుర్తింపు సరిగా జరగలేదని ఆయుష్ మంత్రిత్వ శాఖ అభ్యంతరం చెప్పిన మాట కూడా వాస్తవమే.

మందాకు (వరంగల్), జూన్ 11

ఈ రెండు మాటలకూ కలిపి జవాబు చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ఏటూరు దారి గారూ, మీ నాయనమ్మగారు ఆ కషాయాన్ని ఎన్ని రోజులు ఇచ్చేవారో ఒకసారి గుర్తుచేసుకోండి. మా తాతగారు నాటువైద్యం చేసేవారు. ఆయన జ్వరానికి మూడు పూటలు, మహా అయితే ఐదు రోజులు ఇచ్చి ఆపేవారు. ఇంకా ఎక్కువ రోజులు అవసరమైతే రోగిని మళ్ళీ పిలిపించుకుని, నాడి చూసి, కళ్ళు చూసి, ఆకలి అడిగి అప్పుడు ఇచ్చేవారు. జబ్బు లేనివాళ్ళు పొద్దున లేవగానే చాయ్ బదులు తిప్పతీగ తాగడం, అది కూడా ఏళ్ళ తరబడి తాగడం మన పెద్దల పద్ధతి కాదు. అది 2020 తర్వాత వచ్చిన అలవాటు. మనం అనుమానించవలసింది తరతరాల వాడకాన్ని కాదు, ఈ నాలుగైదేళ్ళ వాడకాన్ని.

కాలేయం విషయంలో, ఆ రోగుల్లో కొందరు వేరే తీగను వాడి ఉండవచ్చు. కొందరికి అసలైన తిప్పతీగే పడకపోయి ఉండవచ్చు. రోగనిరోధక శక్తిని రేపుతుందని మనమే పొగిడే మందు, ఆ శక్తి ఇప్పటికే తన శరీరం మీద తిరగబడిన మనిషికి మేలు చేస్తుందని ఎలా అనుకుంటాం? కాబట్టి కీళ్ళవాతం, లూపస్, కొన్ని రకాల థైరాయిడ్ సమస్యల వంటి ఆటో ఇమ్యూన్ జబ్బులున్నవాళ్ళు, కాలేయ జబ్బున్నవాళ్ళు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్ళు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు దీన్ని ఇంట్లో సొంతంగా వాడకూడదు. ఆపరేషన్ ఉన్నవాళ్ళు కనీసం రెండు వారాల ముందే ఆపి, వాడిన సంగతి సర్జన్‌కు చెప్పాలి. నేను నా రోగులకు ఇస్తూనే ఉన్నాను, కానీ గడువు పెట్టి, ముందూ వెనకా పరీక్షలు చూసి ఇస్తున్నాను.

మోతాదు గురించి కొందరు నాకు విడిగా రాశారు. ఆయుర్వేద మందుల అధికారిక ప్రమాణ గ్రంథమైన ఆయుర్వేద ఫార్మకోపియాలో పెద్దలకు కాండం పొడి రోజుకు 3 నుంచి 6 గ్రాములని, కషాయం కాయడానికి 20 నుంచి 30 గ్రాముల ఎండు కాండమని ఉంది. అది వైద్యుడు రోగిని చూసి నిర్ణయించుకునే హద్దు. ఇంట్లో చెంచాతో కొలిచి అందరికీ పంచే లెక్కగా దాన్ని తీసుకోవద్దు. అందులో చెప్పింది కాండం సంగతి. ఆకు నమలడం, ఆకు రసం మిక్సీ పట్టి తాగడం దీని కిందికి రావు.

వడ్డేపల్లి పెరడు (హన్మకొండ), జూన్ 16

డాక్టర్ గారూ, మీరు అడిగిన రోజే గోరుతో గీకి చూశాను. పొర లేవలేదు, బుడిపెలు గరుకుగా గోటికి అడ్డం పడ్డాయి. కాడ తుంచితే పాలచుక్క లేచింది. మా అత్తయ్య ఆ చుక్కను చాలాసేపు చూసి, రెండేళ్ళు దీన్నా తాగింది అని ఒక్కమాట అన్నారు. కషాయం అప్పుడే ఆపేశాం.

మీరు అడిగిన లక్షణాలు ఉన్నాయి. మూడు నాలుగు నెలలుగా పొద్దున పది దాటాక ఆమెకు ఒళ్ళంతా చెమట పట్టి, కాళ్ళు తేలిపోతున్నట్టు ఉంటోంది. ఎండాకాలం కదా, వయసు కదా అనుకున్నాం. ఆమె వేసుకునేది గ్లిమెపిరైడ్. కషాయం ఆపడానికి ముందురోజే, పక్కింటివారి మిషన్‌తో పదకొండు గంటలకు చూస్తే 62 వచ్చింది. మిషన్ చెడిపోయిందనుకుని పక్కన పెట్టేశాం. ఇప్పుడు ఆమెకు వైద్యం చేసే డాక్టరు గారికి అంతా చెప్పాం. ఆయన కాలేయ పరీక్షలు చేయించారు, అవి బాగానే ఉన్నాయి. కషాయం ఆపాక చక్కెర మళ్ళీ పెరగవచ్చని, వారం పాటు రోజూ రెండుపూటలా రాసి తీసుకురమ్మన్నారు. మాత్ర మోతాదు అప్పుడు చూసి నిర్ణయిస్తారట.

అత్తయ్యకు ఇక ఏ తీగా ఇవ్వను. కానీ అసలైన తిప్పతీగను పెరట్లో పెంచాలన్న కోరిక మాత్రం పోలేదు. పిల్లలకు దీన్ని చూపించి, ఇది ఇది, అది అది అని చెప్పాలని ఉంది. దాన్ని పాత తీగ ఉన్నచోటే, వేపకే పాకించవచ్చా?

బత్తాయితోట (జనగామ), జూన్ 17

అమ్మా, మీ మొదటి రాతలో బత్తాయి చెట్టు ఉందన్నారు కదా, అందుకే రాస్తున్నాను. పోయిన వానాకాలంలో పండుకు వచ్చిన కాయలు రాలిపోయాయా? రాలిన కాయ మీద సూదితో పొడిచినంత రంధ్రం, దాని చుట్టూ మెత్తబడిన మచ్చ ఉన్నాయా?

వడ్డేపల్లి పెరడు (హన్మకొండ), జూన్ 17

అవును అన్నగారూ. సెప్టెంబరులో సగానికి పైగా కాయ రాలింది. పిండితే సొన కారింది. ఈగ కుట్టిందనుకున్నాం.

బత్తాయితోట (జనగామ), జూన్ 18

అది ఈగ పని కాకపోవచ్చు. రసం పీల్చే రెక్కల పురుగు అని ఒకటుంది. రాత్రిపూట వచ్చి, పండబోయే కాయలోకి తొండం గుచ్చి రసం పీలుస్తుంది, ఆ గాయంలో బూజు చేరి కాయ రాలుతుంది. దీని గొంగళి పురుగు బత్తాయి ఆకును ముట్టదు. అది పెరిగేది తిప్పతీగ, దూసరతీగ వంటివాటి మీద. అందుకే బత్తాయి, దానిమ్మ తోటల చుట్టూ ఈ తీగలు లేకుండా చూసుకోమని వ్యవసాయ శాఖవాళ్ళు మాకు ఎప్పటినుంచో చెబుతారు. మేము ఏటా జూన్‌లో గట్ల వెంట తిరిగి పీకుతాం. ఒకే తీగ ఒకరికి మందు, మరొకరికి తెగులుకు పుట్టిల్లు.

పెరట్లో ఉన్న ఒక్క చెట్టు కోసం తీగ మానుకోమని నేను అనను. బత్తాయికి ఎంత వీలైతే అంత దూరంగా పెట్టుకోండి. వానలు మొదలయ్యాక వారానికి రెండుసార్లు ఆకుల అడుగు చూడండి. ముదురు రంగులో, పక్కల కన్ను బొమ్మలాంటి గుండ్రని మచ్చలతో, తలను ముడుచుకుని కూర్చునే పురుగు కనిపిస్తే చేత్తో ఏరి సబ్బునీళ్ళలో వేయండి. మందుగా వాడే తీగ కాబట్టి పురుగుమందు కొట్టవద్దు. బత్తాయి కాయలకు ఆగస్టులో పలుచని బట్టసంచులు కట్టండి.

చెల్కనేల (నర్సంపేట), జూన్ 18

ఇది నాకు కొత్త సంగతి. నా తీగ ఆకులను తిన్నది ఏ పురుగో ఇన్నాళ్ళకు తెలిసింది, ధన్యవాదాలు.

అక్కగారి ప్రశ్నకు వస్తే, వేపకు పాకించడం మంచిదే, పెద్దలు వేప మీది తీగకే విలువ ఇస్తారు. కాకపోతే అదే చోట వద్దు. పాత తీగ వేళ్ళు, తెగిన ముక్కలు మట్టిలో మిగిలితే అవీ మొలుస్తాయి, రెండు తీగలూ పెనవేసుకున్నాక విడదీయడం ఎవరి తరమూ కాదు. ఈ సంవత్సరం గోడవారన కర్రల పందిరికి పాకించండి. పాత తీగను తీసేటప్పుడు మొదలు తవ్వి, కొమ్మల్లో వేలాడే ముక్కలను కూడా దింపండి. తెగిన తీగ గాలిలోనే దారంలాంటి వేళ్ళు దింపి మళ్ళీ నేలను అందుకుంటుంది. తీసినవాటిని మోరీలో, ఖాళీ జాగలో పారేయకుండా గచ్చు మీద ఎండబెట్టి కాల్చేయండి, లేకపోతే రేపు ఇంకొకరి దడి మీద తిప్పతీగ పేరుతో తేలుతుంది.

మిద్దెతోట (గోదావరిఖని), జూన్ 20

నేల లేనివారి కోసం ఒక మాట. మా క్వార్టర్ మిద్దె మీద పద్దెనిమిది అంగుళాల కుండీలో నాలుగేళ్ళుగా తిప్పతీగ ఉంది. అడుగున రంధ్రాలు పెద్దవిగా ఉండాలి, ఇనుప జాలీకి పాకిస్తే ఎండకు జాలీ కాలి లేత తీగ మాడుతుంది కాబట్టి వెదురు కర్రలు మేలు. మొదటి చలికాలంలో ఆకులన్నీ రాలితే చచ్చిపోయిందని నేను పీకేయబోయాను. గోరుతో గీకితే లోపల పచ్చగా ఉండటం చూసి ఆగాను. ఆ రోజుల్లో నీళ్ళు బాగా తగ్గించాలి.

వడ్డేపల్లి పెరడు (హన్మకొండ), జులై 21

అందరికీ కృతజ్ఞతలు. పాత తీగను మా వారు, నేను ఒక ఆదివారం పూర్తిగా దింపాం. గచ్చు మీద ఎండబెట్టిన ముక్కలు పది రోజుల తర్వాత కూడా కణుపుల దగ్గర చిగురు వేయడం చూసి ఆశ్చర్యపోయాం, అప్పుడు కాల్చేశాం. అత్తయ్యకు డాక్టరు గారు మాత్ర మోతాదు సరిచేశారు. పొద్దున చెమటలు పట్టడం ఆగింది.

పరకాల తీగ నుంచి మళ్ళీ ఐదు ముక్కలు తెప్పించి, ముందుగా గోరుతో గీకి చూశాం. కాగితంలాంటి పొర లేచింది, కింద పచ్చగా ఉంది, పాలు రాలేదు. చెల్కనేల గారు చెప్పినట్టు ఒక పూట నీడలో ఉంచి, బత్తాయికి అవతలి గోడవారన జూన్ 23న నాటాను. రెండు పోయాయి, మూడు నిలిచాయి. నిన్న పొద్దున అత్తయ్యే ముందు చూసి పిలిచారు. మధ్య ముక్క పైకణుపు దగ్గర గోరంత ఆకు, ఇంకా మడత విప్పుకోలేదు, అయినా హృదయాకారం తెలుస్తోంది. ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే డాక్టర్ గారిని అడిగాకే వాడుతాను. దీని కాడ కోతకు ఎప్పుడు వస్తుంది?

చెల్కనేల (నర్సంపేట), జులై 21

ఈ ఏడు కత్తి పెట్టకండి అక్కగారూ. కాండం రెండున్నర సెంటీమీటర్ల మందానికి వచ్చాక, వానలు వెనకబట్టిన తర్వాత కోయాలి. కోసినా మొదలు వైపు మూరెడు వదిలేస్తే అక్కడి నుంచి మళ్ళీ లేస్తుంది. కోసినదాన్ని చిన్న ముక్కలు చేసి నీడలో ఆరబెట్టి, గాజు సీసాలో వేసి, సీసా మీద కోసిన తేదీ రాసి పెట్టుకోండి. మూడు ముక్కలూ నిలదొక్కుకున్నాక ఒకదాన్ని మీ వీధిలో అడిగినవారికి ఇచ్చేటప్పుడు, గోరుతో గీకే పరీక్ష కూడా చూపించి ఇవ్వండి.